ఆదా అయిన నీళ్లు ఎటు పోతున్నాయి?

సంపాదకులకు నమస్కారం.

డ్రిప్ పెడితే సగం నీళ్లు మిగులుతాయని ఈమధ్య మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. అబద్ధం అనను, మా పొలంలో నేనే చూశాను. కానీ ఆ మిగిలిన నీళ్లు ఇప్పుడెక్కడున్నాయని ఎవరూ అడగరు, వ్యాసం రాసినాయన కూడా అడగలేదు. అందుకే ఈ ఉత్తరం.

నా సంగతే చెప్తాను. రెండెకరాలకు బోదెల్లో నీళ్లు పారించే రోజుల్లో కరెంటు ఉన్నంతసేపూ మోటారు తిరిగేది. డ్రిప్ వేశాక ఆ నీళ్లే మూడెకరాలు దాటి సరిపోయాయి, దాంతో బీడుగా వదిలేసిన ముక్క కూడా దున్నాను, ఆ పై ఏడాది నీళ్లున్నాయి కదా అని ఇంకాస్త ఎక్కువ తాగే పంటే వేశాను. మోటారు మాత్రం ఎప్పటిలాగే కరెంటు ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉంది. రాబడి పెరిగింది, దానికి నాకేం బాధ లేదు, ఎవరైనా అదే చేస్తారు. బోరులో మట్టం మాత్రం పైకి రాలేదు. చుట్టుపక్కల పొలాల్లోనూ ఇదే కథ.

ఇందులో ఇంకో తిరకాసుంది. బోదెల్లో పారించినప్పుడు మొక్కకు అందనిదంతా వృథా అని లెక్కేస్తాం. ఎండకు ఆవిరైంది పోయినట్టే, నిజమే. కానీ వేళ్లు దాటి కిందికి దిగినవి చాలాచోట్ల మళ్లీ భూగర్భంలోకే చేరతాయి, దిగువనున్న రైతు తన బావిలోంచి వాటినే తోడుకుంటాడు. నేను వాటిని మధ్యలో ఆపి కొత్తగా వేసిన ఎకరానికి పెట్టాను, ఆ పైరు వాటిని ఆకుల్లోంచి గాల్లోకి వదిలేసింది. నా పొలంలో అది ఆదా. ఆయన బావిలో అది లోటు.

ఇది నేను కనిపెట్టిందేం కాదు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఓగలాలా భూగర్భ జలాల మీద బతికే రైతులకు సబ్సిడీ ఇచ్చి మరీ, నీళ్లు తక్కువ పట్టే కొత్త రకం నాజిల్స్ (నీళ్లు చిమ్మే మూతులు) పెట్టించారు. ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు దీని మీద లెక్క తీసి 2014లో ప్రచురించారు: తోడకం తగ్గకపోగా పెరిగింది. 2017లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నివేదిక కూడా, ఎవరు ఎంత తోడాలన్న హద్దు లేకుండా పరికరాలు మారిస్తే మొత్తం వాడకం తగ్గదనే తేల్చింది. అదే కాన్సస్‌లో షెరిడాన్-6 అనే చిన్న ప్రాంతపు రైతులు 2013లో తమకు తామే హద్దు పెట్టుకున్నారు. ఐదేళ్లకు కలిపి, పొలమంతా నిలబెడితే 55 అంగుళాల లోతయ్యే నీళ్లు, ఏ ఏడాది ఎంత వాడుకుంటారో మీ ఇష్టం, మొత్తం మాత్రం దాటకూడదు. కొందరు మొక్కజొన్న తగ్గించి జొన్న వేశారు, తడి పెట్టే ముందు నేలలో తేమ ఎంతుందో చూసుకోవడం మొదలుపెట్టారు. తోడకం బాగా తగ్గింది, లాభాలు మాత్రం భయపడినంత పడిపోలేదు. ఈసారి నీళ్లను ఆపింది నాజిల్ కాదు, అందరూ ఒప్పుకున్న హద్దు.

అంత దూరం పోనక్కర్లేదు కూడా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరువు పీడించే ఏడు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను చూసుకునే ప్రాజెక్టు ఒకటి నడిచింది, ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనేవారు. రైతులే రోజూ వానను కొలిచేవాళ్లు, పదిహేను రోజులకోసారి బోరుల్లో మట్టం చూసేవాళ్లు. రబీకి ముందు అందరూ కూర్చుని కింద ఎన్ని నీళ్లున్నాయి, అనుకున్న పంటలన్నీ వేస్తే ఎన్ని కావాలి అని గోడ మీద రాసుకునేవాళ్లు. వరి వేయొద్దని ఎవరూ ఎవరికీ ఆర్డర్ వేయలేదు. లోటు ఎంతో అంకెల్లో కళ్లెదుట కనిపించాక చాలామంది తమంతట తామే వరి తగ్గించుకున్నారు. బోరు లోపల ఏముందో కనిపించదు కాబట్టి మనం ధైర్యంగా తోడేస్తాం, అదే చెరువైతే మట్టం దిగుతుంటే కంగారు పడమా?

ఇప్పుడు వానల సంగతి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టగలదు, అందుకే కురిసినప్పుడు కుంభవృష్టి, లేకపోతే వారాల తరబడి బెట్ట. ఎకరంలో 100 మిల్లీమీటర్లు పడిందంటే 4 లక్షల లీటర్లు. నాలుగైదు రోజుల్లో మెల్లగా పడితే నేల తాగుతుంది, రెండు గంటల్లో పడితే గట్లు తెంపుకుని పైమట్టిని కూడా పట్టుకుపోతుంది. ఏడాది చివర్లో సగటు వర్షపాతం నమోదైంది అని చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. చెరువుల పూడికతీత, కందకాలు, ఇంకుడు గుంటలు అన్నీ కావాల్సిందే, కాదనను. కానీ ఇంకించిన దానికంటే ఎక్కువ తోడేస్తే అవన్నీ చిల్లికుండలో పోసినట్టే.

వరి వేసేవాళ్లకు ఒక చిన్న చిట్కా ఉంది, నేను చేసి చూశాను కాబట్టి రాస్తున్నాను. అడుగు పొడవున్న పీవీసీ గొట్టం తీసుకుని, కింది భాగమంతా రంధ్రాలు వేసి, 20 సెంటీమీటర్లు నేలలోకి దిగేలా మడిలో పాతి, లోపలి మట్టి తీసేయాలి. పైన నీళ్లు కనిపించకపోయినా గొట్టంలో కనిపిస్తాయి. నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ తడి పెట్టాలి. నాటిన కొత్తలోనూ, పూత దశలోనూ మాత్రం మడి ఆరనివ్వకూడదు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేసిన పద్ధతి ఇది, 30 శాతం దాకా పెట్టే నీళ్లు తగ్గుతాయంటారు, మడి నుంచి వచ్చే, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు కూడా బాగా తగ్గుతుంది. మొదటిసారి నెర్రెలు కనిపించేసరికి నాకు రాత్రి నిద్ర పట్టలేదు, గొట్టంలో చూస్తే నీళ్లు బెత్తెడు లోతులోనే ఉన్నాయి.

మరి అందరూ ఎందుకు చేయరంటే రైతుకు తెలియక కాదండీ. కాలవ నీళ్లు మళ్లీ ఎప్పుడొస్తాయో తెలియనివాడు వచ్చినప్పుడే మడి నింపుకుంటాడు. కరెంటు అర్ధరాత్రి వస్తుందో తెల్లవారుజామున వస్తుందో తెలియనివాడు కరెంటు రాగానే మోటారును దానంతట అదే తిప్పే ఆటోస్టార్టర్ పెట్టి పడుకుంటాడు. వీళ్లకు పొదుపు గురించి సదస్సులు పెట్టి ఏం లాభం? నీళ్లూ కరెంటూ ఏ వేళకొస్తాయో ఖాయంగా చెప్పండి, తక్కువ నీటి పంటలకు వరికి ఉన్నట్టే కొనేవాళ్లను చూపించండి, అప్పుడు అడగండి. డ్రిప్ సబ్సిడీ తీసేయమని నేననడం లేదు. అది ఇచ్చేటప్పుడే ఊరి నీటి లెక్క కూడా కట్టించండి, కొత్తగా ఎన్ని ఎకరాలు సాగులోకి వస్తున్నాయో రాయించండి అంటున్నాను.

మీకూ ఒక మనవి. వానాకాలం మొదలైతే మీ పేపర్లో జలాశయాల నీటిమట్టాలు రోజూ వేస్తారు, పూర్తి మట్టం ఇంత, ప్రస్తుతం ఇంత అని. ఆ పక్కనే కనీసం నెలకోసారైనా భూగర్భ నీటిని కొలవడానికి వేసిన పరిశీలన బావుల్లో మట్టం ఎన్ని మీటర్ల లోతులో ఉందో, కిందటేడు ఇదే నెలలో ఎంత ఉందో వేయండి. నాలుగు వరుసల పట్టిక చాలు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక బోరుబావి రైతు