ఫీడ్‌బ్యాక్ ఫామ్ అంటే మాకు భయమా?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ పేజీలో ఒక పేరెంట్ రాసిన ఉత్తరం చదివా. సెమిస్టర్ చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫామ్‌లో పిల్లలు తమకి మార్కులేస్తుంటే యూనివర్సిటీ టీచర్లకి ఎందుకంత ఉలుకు, బాగా చెప్పేవాళ్ళకి భయమేంటి అని అడిగారు. 22 ఏళ్ళుగా పాఠాలు చెప్తున్నా, మా స్టాఫ్ రూమ్‌లో ఈ టాపిక్ లేస్తే ఏం నడుస్తుందో చెప్తా.

ఉలుకు ఉన్న మాట నిజమే, దాచడమెందుకు. సెమిస్టర్ అయ్యాక రిపోర్ట్ వస్తే ఎంత సీనియర్ అయినా తలుపు దగ్గరికేసుకునే తెరుస్తారు. పది మంది బాగుందన్నా కళ్ళు పోయేది "టైమ్ వేస్ట్" అన్న ఒక్క లైన్ మీదకే, ఇక ఆ రాత్రంతా ఎవరు రాసుంటారా అని మొహాలు గుర్తు తెచ్చుకుంటూ పడుకోవడమే.

అలాగని కామెంట్లంటే మాకు పడదనుకోకండి. ఒకసారి ఎవరో "బోర్డు కింది సగం వెనక బెంచీలకి కనపడదు, ఆన్సర్ ఎప్పుడూ అక్కడే ఉంటుంది" అని రాశారు. ఖాళీ క్లాసులో వెనక్కెళ్ళి కూర్చుని చూశా, నిజమే, ముందు బెంచీలే అడ్డం. ఎన్నేళ్ళ నుంచి అలా రాస్తున్నానో ఏమో! ఇప్పుడు బోర్డు మధ్యలో గీత గీసుకుని దాని కిందకి దిగను. ఏ ప్రొఫెసరూ నాకీ మాట చెప్పలేదు.

మా గొడవంతా అంకెతో. 62 మంది ఉన్న క్లాసులో ఫామ్ నింపింది 19 మంది, యావరేజ్ 4.1 నుంచి 3.9కి దిగింది, వెంటనే పై నుంచి పిలుపు, ఏమైంది మేడమ్ అని. ఏమైందంటే 19 మందిలో నలుగురు 4 బదులు 3 నొక్కినా 0.2 పోతుంది సార్, అంతే అయ్యుండొచ్చు. మిగతా 43 మంది ఏమనుకున్నారో ఎవరికీ పట్టదు. ఆ అంకే మా ప్రమోషన్ ఫైల్లోకి వెళ్తుంది.

ఇంకోటి, నాకు "మేడమ్ కాస్త నవ్వాలి" అని వస్తుంది. పక్క రూమ్ సర్ ఎప్పుడు నవ్వారో ఆయనకే గుర్తుండదు, ఆయనకి మాత్రం "స్ట్రిక్ట్, కానీ సబ్జెక్ట్ ఉంది". ఇది నా ఒక్కదాని ఏడుపు కాదండీ. అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో ఒక ఆన్‌లైన్ కోర్సులో ఒక మగ, ఒక ఆడ అసిస్టెంట్ కొన్ని గ్రూపులకి పేర్లు మార్చుకుని చెప్పారు. పేపర్లు ఒకే టైముకి దిద్ది ఇచ్చినా, ఆడ పేరుకి టైముకి ఇవ్వడంలో కూడా తక్కువ మార్కులే పడ్డాయి. స్టూడెంట్స్ 43 మందే, చిన్న ప్రయోగమే, కానీ చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత రాలేదు.

1970లో అయితే ఒక నటుడికి డాక్టర్ ఫాక్స్ అని పేరు పెట్టి, తలాతోకా లేని లెక్చర్ ఇప్పించారు, విన్నవాళ్ళు చదువుకున్న పెద్దలే, మంచి రేటింగే ఇచ్చారు. ఇక అమెరికా ఎయిర్‌ఫోర్స్ అకాడమీ లెక్కలు తీసి 2010లో ఒక పేపర్ వచ్చింది. ఫస్ట్ కాలిక్యులస్ కోర్సులో అప్పటికప్పుడు మార్కులు బాగా తెప్పించి, రేటింగ్ కూడా బాగా తెచ్చుకున్న టీచర్ల స్టూడెంట్స్ తర్వాతి కోర్సుల్లో సగటున వెనకబడ్డారట.

ఇది తెలిసినవాళ్ళు ఏం చేస్తారు? ఇంటర్నల్స్‌లో చెయ్యి కాస్త వదులు చేస్తారు. నేనూ ఒకసారి కష్టమైన టెస్ట్‌ని ఫీడ్‌బ్యాక్ వారం దాటాక పెట్టా, సిగ్గుగానే చెప్తున్నా.

అయినా మొత్తం ఎత్తేయాలనే మా వాళ్ళతో నేను ఒప్పుకోను. సెమిస్టర్ అంతా మా క్లాసులో కూర్చునేది పిల్లలే కదా. కెనడాలో రయర్సన్ యూనివర్సిటీలో (ఇప్పుడు దాని పేరు టొరంటో మెట్రోపాలిటన్ యూనివర్సిటీ) ఈ పేచీ ఆర్బిట్రేషన్ దాకా, అంటే మధ్యవర్తి తీర్పు దాకా వెళ్ళింది. టీచింగ్ ఎంత బాగుందో తేల్చి ప్రమోషన్ ఇవ్వడానికి ఈ రేటింగులు వాడొద్దని 2018లో తీర్పొచ్చింది. కానీ క్లాసులో తమ అనుభవం చెప్పడానికి స్టూడెంట్స్‌ని మించినవాళ్ళు లేరని కూడా అందులో ఉంది. నాకు ఆ రెండూ సబబే అనిపించాయి. వినపడిందా, క్లాసుకి టైముకి వచ్చారా, పేపర్లు ఎప్పుడిచ్చారు, ఇవి వాళ్ళకే తెలుస్తాయి. సబ్జెక్ట్ మీద పట్టు ఎంత అని ఇప్పుడే నేర్చుకుంటున్న వాళ్ళని అడిగితే ఏం చెప్తారు పాపం.

నేను ఆరో వారంలోనే చీటీలు పంచుతా, పేర్లుండవు, ఏది అర్థం కావట్లేదు, ఏది మార్చాలి, రెండే ప్రశ్నలు. సెమిస్టర్ చివర్లో చెప్తే లాభపడేది వచ్చే బ్యాచే, చెప్పినవాళ్ళకి ఏం మిగలదు. ఈసారి ఒక చీటీలో "ప్రశ్న అడిగి మీరే ఆన్సర్ చెప్పేస్తారు, మాకు ఆలోచించే టైమ్ ఏది" అని వచ్చింది. ఇప్పుడు మనసులో పది లెక్కపెడుతున్నా, ఏడు దాటేసరికి నోరు దురద పెడుతుంది.

ఆ పేరెంట్ గారు ఏమనుకోనంటే ఒక మాట, మీ పిల్లల్ని ఆ ఫామ్‌లో అంకెలు నొక్కేసి వదిలేయకుండా కింద ఒక్క లైన్ రాయమనండి. వెనక బెంచీ వాళ్ళైతే మరీ మంచిది.

ఇట్లు,
ఒక యూనివర్సిటీ టీచర్