ప్లాస్టిక్ పరదాలకు వాటర్‌ప్రూఫ్ స్ప్రే కొట్టి వడ్లు తడుపుకోకండి

సంపాదకులకు నమస్కారం.

నేను నల్లగొండ జిల్లా హాలియా దగ్గర ఇరవై ఏండ్లుగా టెంట్ హౌస్ నడుపుతున్నాను. పెండ్లిళ్లకు షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, కోతల కాలంలో రైతులకు వడ్ల మీద కప్పుకోవడానికి పరదాలు కిరాయికి ఇస్తుంటాను. యాసంగి కోతలు దగ్గరపడ్డాయి. పోయిన పంటప్పుడు నా చేతుల మీదుగా జరిగిన పొరపాటు ఇంకో ఊళ్లో ఇంకొకరికి జరగకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన వానాకాలం కోతలకు ముందు చూసుకుంటే నా దగ్గరున్న ప్లాస్టిక్ పరదాల్లో సగం పాతబడ్డాయి. అన్నీ కొత్తవి కొనేంత పైసలు చేతిలో లేవు. ఒక దుకాణంలో వాటర్‌ప్రూఫ్ స్ప్రే డబ్బాలు చూపించి "టెంటుకైనా పరదాకైనా కొట్టు అన్నా, రెండేండ్లు చుక్క దిగదు" అన్నారు. అక్కడే ఒక కొత్త పరదా ముక్క మీద కొట్టి, ఆరనిచ్చి, చెంబుతో నీళ్లు పోసి చూపించారు. చేమాకు మీద పోసినట్టు నీళ్లు గుండ్రంగా జారిపోయాయి. నమ్మి పన్నెండు డబ్బాలు తెచ్చాను. ఆ ముక్క మీద స్ప్రే కొట్టకుండా పోసినా నీళ్లు అట్లనే జారతాయని నాకు అప్పుడు తట్టలేదు. ప్లాస్టిక్‌లోకి నీళ్లు ఇంకవు కదా.

2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపాను వచ్చింది. అప్పటికే చాలా రోజులుగా కొనుగోలు కేంద్రంలో కాంటా కోసం ఎదురుచూస్తున్న ఒక పెద్దాయన నా దగ్గర నాలుగు పరదాలు తీసుకుపోయాడు. స్ప్రే కొట్టినవే ఇచ్చాను, ఫికర్ పడొద్దని కూడా చెప్పాను. తెల్లారి పోయి చూస్తే కుప్ప మీద పరదా గుంటపడి బిందెడు నీళ్లు నిలిచి ఉన్నాయి, ఆ గుంట కింద వడ్లు పిడికిట పట్టుకుంటే చెయ్యి తడిసిపోతోంది. తేమ 17 శాతం లోపు ఉంటేనే కాంటా వేస్తారు, అక్కడ మిషన్ పెడితే 24 చూపించింది. క్వింటాలుకు 2,389 రూపాయల మద్దతు ధర రావాల్సిన ఏ గ్రేడ్ వడ్లు మళ్లీ రోడ్డు మీద ఆరబోసుకుని, రాత్రిళ్లు కాపలా పడుకుని, ఇంకో వారం ఆగాల్సి వచ్చింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "నీదేముంది తమ్మీ, వాన గట్టిగ కొట్టింది" అన్నాడు. కిరాయి తిరిగి ఇచ్చాను, ఆరబోసిన కూలి నేనే కట్టాను, అయినా ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఎండ కాశాక ఆ పరదాను ఇద్దరం చెరో వైపు పట్టుకుని పొద్దుకు ఎదురుగా ఎత్తి చూశాం. మడతలు పడిన చోటల్లా సూది మొనంత వెలుగు చుక్కలు, లెక్కపెట్టలేనన్ని. ఈ పరదాల్లో మధ్యన ప్లాస్టిక్ పట్టీలతో నేసిన నేత ఉంటుంది, దానికి రెండు వైపులా పల్చటి ప్లాస్టిక్ పొర అతికిస్తారు. నీళ్లను ఆపేది ఆ పొరే. ఎండకు అది పెళుసుబారి, పొట్టు లేచిపోతే మిగిలేది జల్లెడ లాంటి నేత. స్ప్రే పని నీటిబొట్టు అంటకుండా చేయడం వరకే, రంధ్రాన్ని పూడ్చడం దానివల్ల కాదు. పైగా ఈ రకం ప్లాస్టిక్‌కు స్ప్రే మందు సరిగ్గా అంటుకోదు, రెండు మడతలు వేసేసరికి రాలిపోతుంది. చిన్న చిరుగులైతే శుభ్రంగా తుడిచి, బాగా ఆరాక, పరదాల కోసం వచ్చే టేపు రెండు వైపులా అతికించుకోవచ్చు. ముక్క మూలలు గుండ్రంగా కత్తిరిస్తే తొందరగా లేవదు. వెలుగు చుక్కలు పరదా నిండా ఉంటే మాత్రం దాన్ని కుప్ప కింద పరుచుకోవడానికి వాడాలి, పైన కప్పొద్దు.

స్ప్రే మొత్తానికే పనికిరాదని నేను అనను. మిగిలిన డబ్బాలు నా దగ్గరున్న కాన్వాస్ గుడారానికి, పాలిస్టర్ షామియానాకు వాడాను, అక్కడ బాగానే పనిచేసింది. గుడ్డకు పోగులుంటాయి, స్ప్రే మందు ఆ పోగులను పట్టుకుంటుంది. కాకపోతే పద్ధతి ఉంది. సబ్బు పొడితో ఉతికి సరిగ్గా జాడించకుండా కొడితే దండగ, గుడ్డలో మిగిలిన సబ్బే నీళ్లను లోపలికి లాగుతుంది. మంచినీళ్లు, బ్రష్షుతో దుమ్ము పోయేలా రుద్ది, పూర్తిగా ఆరాక కొట్టాలి, కుట్ల మీద రెండోసారి కొట్టాలి, ఎందుకంటే సూది పోయిన ప్రతి చోటా బెజ్జమే. ఆ తర్వాత ఒక రోజంతా ఆరనివ్వాలి. తడి గుడ్డను చుట్టి గదిలో పడేస్తే బూజు పట్టి గుడ్డే పోతుంది, మందు ఏం చేస్తుంది? ఇంకో మాట, దీన్ని గదిలో తలుపులు మూసుకుని కొట్టొద్దు. ఆ సన్నని తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం, డబ్బాలోని గ్యాస్‌కు మంట అంటుకుంటుంది. బయట, గాలి వీపుకు తగిలేలా నిలబడి కొట్టాలి, దగ్గర్లో బీడీ కాల్చేవాళ్లు ఉండొద్దు. కొన్ని స్ప్రేల్లో ఫ్లోరిన్ రసాయనాలు ఉంటాయి, అవి మట్టిలో, నీళ్లలో ఏండ్ల తరబడి నశించకుండా ఉండిపోతాయి. తినే గింజల మీద కప్పే దానికి అసలు అలాంటివి ఎందుకు?

రైతులు పరదా కారిందని నా మీదికి వచ్చిన ప్రతిసారీ పరదాదే తప్పు కాదని కూడా చెప్పాలి. పచ్చి వడ్లు కుప్పలో వేడెక్కుతాయి, ఆ ఆవిరి పరదా లోపలి వైపు చెమటలా పట్టి మళ్లీ వడ్ల మీదే పడుతుంది. వాన తగ్గి ఎండ రాగానే పరదా తీసి గాలి తగలనివ్వాలి. కుప్పను ఇంటి కప్పులా మధ్యన ఎత్తుగా పోసుకుంటే నీళ్లు నిలవవు, చుట్టూ చిన్న కాలువ తీస్తే వాన నీళ్లు అడుగుకు చేరవు. ఆ పెద్దాయన కుప్ప మీద గుంట పడకుండా ఉంటే ఆ పరదాతో కూడా నష్టం సగానికి తగ్గేదని ఇప్పుడు అనిపిస్తుంది.

కొత్త పరదా కొనేవాళ్లకు ఒక లెక్క. దుకాణంలో 250 జీఎస్ఎం అంటారు, అంటే చదరపు మీటరుకు 250 గ్రాములు. 24 అడుగులు, 18 అడుగుల పరదా సుమారు 40 చదరపు మీటర్లు వస్తుంది, అంటే పది కిలోలు తూగాలి. అక్కడే కాంటా మీద పెట్టమనండి. ఆరు కిలోలే తూగితే అది 150 జీఎస్ఎం, దాని మీద ఏం రాసి ఉన్నా సరే. ఈ ఒక్క పని నేను ముందే చేసి ఉంటే ఆ పాత పరదాల్లో చాలావాటిని కొనేవాణ్ణే కాదు.

అధికారులకు, కొనుగోలు కేంద్రాలు నడిపే మహిళా సంఘాల అక్కలకు నా విన్నపం. కాంటాలు మొదలు కాకముందే ఒక రోజు పెట్టి, కేంద్రంలో ఉన్న ప్రతి పరదానూ ఎండకు ఎత్తి చూడండి. గంటసేపటి పని. బాగున్నవాటికి ఒక గుర్తు, పనికిరానివాటికి ఒక గుర్తు పెయింటుతో వేయండి. మావంటి కిరాయి వాళ్ల పరదాలకూ అదే పని చేయమనండి, నేనైతే ఈసారి నావి తెచ్చి మీ ముందే పరుస్తాను. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద కోతలు మొదలయ్యే లోపు ఈ బరువు లెక్కను మీ జిల్లా పేజీలో చిన్న బాక్సుగానైనా వేస్తే, రైతులు చింపుకుని జేబులో పెట్టుకుంటారు.

— ఒక టెంట్ హౌస్ యజమాని, హాలియా ప్రాంతం, నల్లగొండ జిల్లా