ఒంటరి నిర్బంధం తగ్గించిన జైళ్లలో ఏం జరిగింది?

సంపాదకులకు,

గొడవకు దిగిన ఖైదీని ఒంటరి గదిలో పెట్టడం తప్ప గత్యంతరం లేదనీ, ఆ శిక్షను తగ్గిస్తే ముందుగా దెబ్బలు తినేది జైలు సిబ్బందేననీ చాలామంది నమ్ముతారు. సిబ్బంది భద్రత గురించిన ఈ భయాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు. అయితే ఇందులో నిజమెంతో ఊహించుకోవలసిన పని లేదు. ఒంటరి నిర్బంధాన్ని తగ్గించి చూసిన జైళ్లు ఉన్నాయి, వాటి ఫలితాలు మన ముందున్నాయి.

అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో పార్చ్‌మన్ జైలుకు చెందిన యూనిట్ 32లో సుమారు వెయ్యి మందిని రోజంతా విడివిడి గదుల్లోనే బంధించి ఉంచేవారు. అంత కట్టడి ఉన్నా 2007లో అక్కడ హత్యలు, దాడులు జరిగాయి. అప్పుడు అధికారులు ఆంక్షలను ఇంకా బిగించకుండా, ఎవరిని ఏ కారణంతో అక్కడ ఉంచారో ఒక్కొక్కరి విషయంలోనూ తిరిగి పరిశీలించారు. చాలామందికి అంతటి నిర్బంధం అవసరమే లేదని తేలింది. ఒంటరి గదుల్లో ఉన్నవారి సంఖ్య దాదాపు 150కి తగ్గింది. మిగిలినవారికి రోజూ కొన్ని గంటలు బయట గడిపే వీలు, నలుగురితో కలిసి భోజనం చేసే చోటు, ఆటస్థలం ఏర్పాటు చేసి, తీవ్రమైన మానసిక వ్యాధులున్నవారికి విడిగా చికిత్స అందించారు. తీవ్రమైన హింసాత్మక ఘటనలు దాదాపు 70 శాతం తగ్గాయి. 2010లో ఆ యూనిట్‌నే మూసివేశారు.

ఈ కథను ఇక్కడితో ఆపితే అది సగం నిజమే అవుతుంది. 2019 చివరి నుంచి అదే పార్చ్‌మన్‌లో హత్యలు మళ్లీ మొదలయ్యాయి. సిబ్బంది తీవ్రంగా కొరవడ్డారనీ, ఖైదీలను ఎడతెగకుండా ఒంటరి నిర్బంధంలో ఉంచుతున్నారనీ 2022లో అమెరికా న్యాయశాఖ తన విచారణలో తేల్చింది. గది తలుపు తెరిస్తే చాలదు, తెరిచిన తర్వాత ఖైదీతో మాట్లాడడానికి, అతనికి పని చెప్పడానికి, గొడవ ముదరకముందే అడ్డుపడడానికి తగినంతమంది మనుషులు ఉండాలి. ఒంటరి గది పాలకులకు అంత సులువుగా తోచడానికి అసలు కారణం దానికి తాళం ఒక్కటే సరిపోవడమేనని నేను అనుకుంటున్నాను.

తాళం చేసే హాని కూడా లెక్కకు అందినదే. 2010 నుంచి 2013 ఆరంభం వరకు న్యూయార్క్ నగర జైళ్ల రికార్డులను పరిశీలిస్తే, జైలుకు వచ్చినవారిలో ఒంటరి నిర్బంధం అనుభవించినవారు సుమారు 7 శాతమే, కానీ ఖైదీలు తమను తాము గాయపరచుకున్న ఘటనల్లో సగానికి పైగా వారివే. ఆ నగరమే 2013లో తీవ్రమైన మానసిక వ్యాధులున్న ఖైదీలకు శిక్ష గదుల స్థానంలో చికిత్సా విభాగాలను ప్రారంభించింది. ఒంటరి నిర్బంధాన్ని పూర్తిగా వదలని మరో తరహా విభాగాన్ని కూడా నడిపింది. రెండు చోట్లా గడిపిన రోగులను పోల్చి చూసినప్పుడు, చికిత్సా విభాగంలో ఉన్న కాలంలోనే స్వీయహాని, గాయాలు తక్కువగా కనిపించాయి. ఖైదీ మారలేదు, అతన్ని ఉంచిన చోటు మారింది. ప్రవర్తన ఖైదీ స్వభావం నుంచే పుడుతుందని వాదించేవారు ఈ పోలికను ఒకసారి నిదానంగా ఆలోచించాలని నా మనవి.

విడుదల సంగతి మరింత కలవరపెడుతుంది. అమెరికాలోని కొలరాడో రాష్ట్ర జైళ్ల శాఖ అధిపతి టామ్ క్లెమెంట్స్, ఒంటరి గదుల నుంచి ఖైదీలను నేరుగా వీధిలోకి వదిలే పద్ధతిని మార్చాలని పట్టుబట్టినవారు. 2013 మార్చిలో ఆయనను ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపారు. పోలీసులు హంతకుడిగా గుర్తించిన వ్యక్తి సరిగ్గా అలాగే, ఒంటరి నిర్బంధం నుంచి నేరుగా పెరోల్‌పై బయటికి వచ్చినవాడు. ఆ దుఃఖంలో సంస్కరణలను అటకెక్కించి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదేమో. కానీ తర్వాత వచ్చిన రిక్ రేమిష్ వాటిని ముందుకే నడిపించారు. 2014లో స్వయంగా ఒంటరి గదిలో 20 గంటలు గడిపి, ఆ అనుభవాన్ని బహిరంగంగా రాశారు. కోపం హద్దు దాటుతోందని తోచిన ఖైదీ తానే వెళ్లి కొంతసేపు కూర్చుని శాంతించే గదులు అక్కడ ఏర్పడ్డాయి. 2017 నాటికి ఒంటరి శిక్షకు 15 రోజుల గరిష్ఠ పరిమితి అమలైంది. ఖైదీలతో ఎలా వ్యవహరించాలో చెబుతూ ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాలు చెప్పే హద్దు కూడా అదే. అర్థవంతమైన మానవ సంబంధం లేకుండా రోజుకు 22 గంటలు లేదా అంతకుమించి బంధించడాన్ని ఆ నియమాలు ఒంటరి నిర్బంధంగా నిర్వచించి, వరుసగా 15 రోజులు దాటితే నిషేధించాయి.

హింసకు దిగినవారిని కొంతకాలం ఇతరులకు దూరంగా ఉంచవలసి రావచ్చు, దాన్ని నేను కాదనను. దూరంగా ఉంచినంత మాత్రాన మనుషులతో మాటే లేకుండా చేయనక్కర్లేదు. ఆ రోజుల్లోనూ సలహాదారు రావాలి, చదువు సాగాలి, ములాఖత్ ఆగకూడదు, ఏ మెట్టు దాటితే ఏ వెసులుబాటు తిరిగి వస్తుందో ఖైదీకి తొలిరోజే తెలియాలి. పోగొట్టుకోవడానికి ఏమీ మిగలనివాడు సత్ప్రవర్తనతో మెలగడానికి కారణం ఎక్కడ వెతుక్కుంటాడు?

ఎవరిని, ఎందుకు, ఎన్ని రోజులు ఒంటరిగా ఉంచారో, విడుదలకు ఎంత ముందు తిరిగి మనుషుల మధ్యకు తెచ్చారో ప్రతి జైలూ క్రమం తప్పకుండా ప్రకటించాలి. ఆ లెక్కలను జైలు శాఖకు సంబంధం లేని వైద్యులు పరిశీలించే ఏర్పాటు కూడా ఉండాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు