కేసింగు లాగడం గురించి సాంబకి

ఒరేయ్ సాంబా,

వదిలేసిన మీ బోరులోంచి కేసింగుని, అంటే పైమట్టి కూలకుండా బోరు పైభాగంలో దించిన ఇనుప పైపుని, జాకీలతో లాగి పాత ఇనుముకి అమ్ముతానన్న నీ ఉత్తరం, దాంతోపాటు నువ్వు గీసి పంపిన బొమ్మా అందాయి. బొమ్మ బాగానే ఉంది గానీ, జాకీలు అంత పెద్దవిగా గీసి పైపుని పట్టుకునే భాగాన్ని చిన్న సున్నాగా చుట్టేశావు చూడు, అక్కడే నీ ఆలోచన తలకిందులైంది. లాగే బలం బజార్లో అద్దెకి దొరుకుతుంది. పట్టు దొరకదు. అందుకే ఈ ఉత్తరం నిండా పట్టు గురించే రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు లెక్క. నువ్వు రాసిన ప్రకారం ఏడంగుళాల బయటి కొలత, 5 మి.మీ. మందం, ఇరవై అడుగుల ఇనుప పైపులు మూడు, అంటే 60 అడుగులు. మీటరుకి 21 కిలోల పైచిలుకు చొప్పున మొత్తం 390 కిలోలు. ఇంతేనా, నలుగురు కుర్రాళ్ళు చాలరా అనుకుంటావు. బరువు కాదురా సమస్య, చుట్టూ పట్టుకున్న మన్ను. పైపు బయటి ఒళ్ళంతా కలిపితే పది చదరపు మీటర్ల పైచిలుకు. చదరపు మీటరుకి ఒక టన్ను నుంచి రెండు టన్నుల దాకా మన్ను పట్టుకుంటుందని వేసుకుని పనికి దిగాలి. అంటే పది నుంచి ఇరవై టన్నులు. మీ నేలలో పైన రేగడి, కింద మొరం కాబట్టి ఇరవైకే సిద్ధపడు.

ఇప్పుడు పైపు ఎంత తట్టుకుంటుందో చూడు. కొత్త పైపైతే దాదాపు 65 టన్నుల దాకా శాశ్వతంగా సాగిపోకుండా నిలుస్తుంది. తుప్పు తిని మందం 3 మి.మీ.కి దిగితే 40. ఇక అతుకుల సంగతి. బోరు వేసే రోజు ఎండలో హడావుడిగా చేసిన వెల్డింగు మందంలో సగం కూడా లోపలికి దిగి ఉండదు. అప్పుడు మిగిలేది ఇరవయ్యే. చూశావా, మన్ను పట్టు ఇరవై, అతుకు బలం ఇరవై. అందుకే పెద్ద జాకీ తెచ్చినంత మాత్రాన కేసింగు రాదు, సగానికి తెగుతుంది. నీటిమట్టం ఏడాది పొడుగునా ఎక్కుతూ దిగుతూ ఉండే చోట తుప్పు అన్నిటికంటే ఎక్కువ. తెగితే చాలాసార్లు అక్కడే తెగుతుంది. పై ముక్క అంగుళం కోసి మందం కొలిస్తే ఓ అంచనా వస్తుంది గానీ, కింద అంతకంటే పల్చగా ఉంటుందనే అనుకో.

ఇక నీ యంత్రం. రెండు జాకీలు, వాటి మీద అడ్డంగా రెండు దూలాలు, దూలాల మధ్యలోంచి పైపు, పైపుకి పట్టు. ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. ఒక్కొక్కటి 25 లేదా 30 టన్నుల జాకీలు తీసుకో. దూలాలు ఎనిమిదంగుళాల ఐ సెక్షనువి (ఇంగ్లీషు I ఆకారంలో ఉండే ఇనుప దూలాలు), ఒక్కోటి ఐదున్నర అడుగులు. జాకీకీ జాకీకీ మధ్య నాలుగడుగులు ఉంటే ఇరవై టన్నులకి ఈ దూలాలు వంగవు. ఆరంగుళాల దూలం చాలదా అని లేతు షాపువాడు అడుగుతాడు. చాలదు. జాకీలు పైపుకి మరీ దగ్గరగా ఉంటే దూలం మీద భారం తగ్గే మాట నిజమే, కానీ పైపు కదిలాక చుట్టూ ఉన్న మన్ను గుంతలోకి జారుతుంది, జాకీ కూడా దాంతో పాటే. రెండడుగుల ఎడం ఉండనీ.

జాకీల కింద చెక్క స్లీపర్లు వెయ్యి. ఒక్కో జాకీ కింద ఐదడుగుల పొడుగూ పదంగుళాల వెడల్పూ ఉన్నవి రెండు, వాటికి అడ్డంగా ఇంకో పొట్టి దిమ్మె, దాని మీద అరంగుళం మందం ఇనుప పలక. పది టన్నులు పడితే ఇలా వేసినా నేల మీద చదరపు మీటరుకి 13 టన్నుల ఒత్తిడి. తడిసిన రేగడి అంత మొయ్యదు. పైపు లేవడానికి బదులు స్లీపర్లు దిగిపోతాయి, నువ్వేమో జాకీ ఒత్తిడి మీటరు చూసి పైపు వస్తోందని సంబరపడతావు. కాబట్టి పై మెత్తమట్టి ఓ అడుగు తీసి, మొరం పరిచి, దిమ్మిసతో గట్టి చేశాకే స్లీపర్లు.

పట్టు రెండు రకాలుగా వెయ్యొచ్చు. నువ్వు సున్నాగా గీసింది స్లిప్పుల పట్టు. లోపల గరాటులా ఏటవాలుగా చెక్కిన ఉంగరం, అందులో మూడు పళ్ళ చీలలు. గొడ్డలి కర్ర వదులైతే కంతలో చీల కొడతాం కదా, అదే సూత్రం. ఎంత లాగితే అంత బిగుస్తుంది. ఏటవాలు నిలువుకి తొమ్మిది, పది డిగ్రీలు ఉండాలి. అంతకంటే తక్కువైతే బిగుసుకుపోయి తర్వాత ఊడిరాదు, పైపునీ నలిపేస్తుంది. ఎక్కువైతే పళ్ళు పట్టవు, జారతాయి. చీల వీపుకి గ్రీజు, పళ్ళకి మాత్రం ఒక్క చుక్క కూడా తగలకూడదు. దించే ముందు ప్రతిసారీ ఇనుప బ్రష్షుతో పళ్ళ సందుల్లో మట్టి తీసెయ్యాలి. మూడు చీలలూ ఒకే ఎత్తులో కూర్చోవాలి. ఒకటి పైకుంటే పైపు కోడిగుడ్డులా అవుతుంది.

ఈ పట్టుకి ఇంకో గుణం ఉంది. నువ్వు లాగే బలానికి మూడు నాలుగు రెట్లు పక్కనుంచి నొక్కుతుంది. ఇరవై టన్నులు లాగితే అరవై, ఎనభై టన్నుల నొక్కుడన్నమాట. 5 మి.మీ. పైపు దానికి లొంగిపోతుంది. అందుకని చీలలు పదంగుళాలకి తగ్గకుండా పొడుగ్గా చేయించాలి, పట్టే చోట పైపు లోపల సరిగ్గా పట్టేలా లేతు మీద తరిణె పట్టిన ఇనుప దిమ్మె దించాలి. ఇవన్నీ చేయించే ఖర్చు నీకొచ్చే పాత ఇనుము ధరకి సరిపోతుందేమో కాటా దగ్గర అడిగి చూసుకో. వరసగా పాతిక బోర్లు లాగేవాడికి స్లిప్పులు సరే. ఒక్క బోరుకి వద్దురా.

నీకు చాలేది చెవులు. పైపుకి చుట్టూ నాలుగు ఇనుప పలకలు, 12 మి.మీ. మందం, ఎనిమిదంగుళాల పొడుగు, నిలువుగా పెట్టి రెండు వైపులా 6 మి.మీ. వెల్డు. ఆ చెవుల కిందికి దూలాలు తగలాలి. వెల్డు చేసే ముందు గ్రైండరుతో తుప్పంతా తీసి మెరిసే ఇనుము కనబడనివ్వాలి, లేకపోతే వెల్డు పైపుకి సరిగా అతుక్కోక ఊడొస్తుంది. మొదటి అడుగున్నర కదలించడానికే ఇంత బలం కావాలి. ఆ తర్వాత మామూలు బోల్టుల పట్టీ చాలు. నాలుగంగుళాల వెడల్పు, పది మి.మీ. మందం పట్టీని రెండు అర్ధచంద్రాలుగా వంచి, వైపుకి రెండేసి ముప్పావంగుళం బోల్టులు. రెండు ముక్కల మధ్య అరంగుళం సందు మిగలాలి. సందు మూసుకుపోయిందంటే పట్టీ పైపుని కాదు, తనని తానే బిగించుకుంటోంది. దీన్ని ఐదారు టన్నులకి మించి నమ్మకు.

పట్టీలు రెండు చేయించు. ఒకటి దూలాల మీద లాగడానికి, రెండోది నేల మీద పైపుని ఆపడానికి. జాకీ దించిన ప్రతిసారీ కింది పట్టీ బిగించి ఉండాలి. ఇది మరిచిపోతే ఒక్క క్షణంలో నాలుగు వందల కిలోల ఇనుము బోరులోకి దిగిపోతుంది. అడ్డుగా వేళ్ళు పెట్టే మహానుభావుడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు, వాణ్ణి ముందే దూరంగా నిలబెట్టు.

లాగే రోజు సంగతి చెబుతాను. మోటారూ, దాని పైపులూ ముందే తీసేసి ఉండాలి. కేసింగు చుట్టూ సిమెంటు గద్దె ఉంటే పూర్తిగా పగలగొట్టి, రెండు మూడడుగులు తవ్వు. పైపు పక్కనే అంగుళం గొట్టం దించి నీళ్ళు ఒత్తిడితో కొడుతూ ఎంత లోతుకి పోతే అంత పో. పది, పదిహేనడుగులు దిగినా మన్ను పట్టులో పెద్ద భాగం వదిలినట్టే. సాయంత్రం నీళ్ళు కొట్టి, రాత్రంతా నాననిచ్చి పొద్దున్నే మొదలుపెట్టు. స్లీపర్లు వేసే చోటికి ఆ తడి పోకుండా గట్టు కట్టుకో.

పైపు మీద నేల మట్టానికి సుద్దతో గీత గియ్యి. ఐదు టన్నులకి ఎక్కించి పది నిమిషాలు ఆగు, చెవుల దగ్గర సమ్మెటతో నాలుగు వైపులా తట్టు. మళ్ళీ ఐదు. తొందరపడి ఒకేసారి కొట్టకు. కాలం కూడా లాగుతుంది, జాకీ ఒక్కటే కాదు. గీత రెండు మూడు మి.మీ. లేస్తే ఆనందపడకు, అది పైపు సాగడం. అరవై అడుగుల ఇనుము ఇరవై టన్నులకి ఆ మాత్రం సాగుతుంది. ఒత్తిడి వదిలి చూడు. గీత వెనక్కొస్తే కదల్లేదు, రాకపోతే కదిలింది. రెండు జాకీలకీ చెరో మనిషి, దూలం వాలిందేమో చూడ్డానికి దాని మీద మట్టగోల. ఒకే పంపు నుంచి రెండిటికీ గొట్టాలు కలిపితే సమానంగా లేస్తాయనుకోకు, ఎటు తేలికైతే అటే ముందు లేస్తుంది, పైపు వాలుతుంది.

పైకి రాకపోతే తిప్పి చూడు. పైపు చుట్టూ గొలుసు వేసి తిప్పే చైన్ రెంచికి ఆరడుగుల గొట్టం తొడిగి ఇద్దరు తిప్పితే చాలాసార్లు జాకీకి లొంగనిది లొంగుతుంది. పైపుల్ని మరలు బిగించి కలిపిన అతుకులైతే బిగిసే వైపుకే తిప్పాలి సుమా. ఇరవై టన్నులు దాటినా గీత కదలకపోతే ఆపెయ్. మొండితనానికి పోతే మీటరు ముల్లు దబ్బున పడి, పైపు ఎగిరి, చేతికి పది అడుగుల ముక్క వస్తుంది.

అలా తెగితే మిగిలినదాన్ని లోపలి నుంచి పట్టుకోవాలి. ఇసుక పట్టు అని ఒకటుంది. బియ్యం నింపిన చెంబులో కర్ర గుచ్చి దట్టించి ఎత్తితే చెంబు లేస్తుందే, అచ్చం అదే. కేసింగు లోపలి కొలతలో సగం ఉండే గట్టి పైపు తీసుకుని, అడుగున గోనెపీలికలు తీగతో కట్టి, గొడుగులా విప్పారేలా దించుతారు. పైనుంచి మట్టి లేని గరుకు ఇసుక కొద్దికొద్దిగా పోస్తారు. గోనె ఇసుకని ఆపుతుంది, లాగేసరికి ఇసుక బిగుసుకుని కేసింగుని పట్టేస్తుంది. వదిలించుకోవాలంటే నీళ్ళు కొట్టి ఇసుక కడిగెయ్యడమే. ఇసుకని తెగిన అంచు దాకా నింపకూడదు, కింద కాస్త భాగంలోనే ఉండాలి, లేకపోతే విడిపించుకోలేవు.

జేసీబీ తెప్పిస్తానని రాశావు, వద్దు. బకెట్‌కి గొలుసు కట్టి లాగితే అది వంపు తిరుగుతూ లేస్తుంది, పైపు ఎప్పుడూ పక్కకి వంగుతుంది. గొలుసు తెగితే ఎవరి మీద పడుతుందో చెప్పలేం. ఐదారడుగులు పైకొచ్చాక మూడు కాళ్ళ స్టాండూ, గొలుసు లాగి బరువెత్తే ఐదు టన్నుల చైన్ బ్లాకూ చాలు.  స్టాండు పొట్టిదైతే పదేసి అడుగులకి గ్యాస్ కటింగుతో కొయ్యి, పాత ఇనుముకి అమ్మేదే కదా.

పక్క చేలో నీలం ప్లాస్టిక్ కేసింగు కూడా లాగిద్దామన్నావు. దాని జోలికి పోకు. ఎండకి పెళుసెక్కిన పైపుని పట్టీ బిగిస్తేనే పగులుతుంది. నీళ్ళు పడని బోర్లో అదే రోజు రిగ్గు బండితోనే లాగేస్తే వస్తుంది, అప్పటికి మన్ను కూర్చోదు కాబట్టి. ఏళ్ళ తర్వాత రాదు.

ఇంకొకటి, అన్నిటికంటే ముందు రాయాల్సింది. కేసింగు తీసిన బోరు, కేసింగు ఉన్న బోరు కంటే ప్రమాదం. అంచు విరిగి గుంత రెండడుగులవుతుంది. పిల్లలు పడేది ఇలాంటి బోర్లలోనే. 2010 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో, వదిలేసిన బోరుని అడుగు నుంచి నేల మట్టం దాకా బంకమట్టి, ఇసుక, గులకరాళ్ళు, బోరు పొడి వంటివాటితో నింపాలని స్పష్టంగా ఉంది. నీ బోరు ఆరున్నర అంగుళాలు, 300 అడుగులు కాబట్టి రెండు ఘనమీటర్లు, అంటే డెబ్భై ఘనపుటడుగులు పడుతుంది. పైన విరిగి పడేదానికీ కలిపి ఒక ట్రాక్టరు ట్రక్కు చాలు. ట్రక్కు ముందే వచ్చి నిలబడి ఉండాలి, పైపులు అమ్మిన డబ్బుతో తర్వాత తెప్పిస్తాను అనే బేరం లేదు.

నింపడం కూడా లాగడంతో పాటే. ముందు కేసింగు అడుగు కంటే రెండు మూడడుగులు దిగువ దాకా నింపి, ఒక్కో పైపు పైకి వస్తుంటే ఆ మేరకు పోస్తూ పో. కేసింగు లోపలికి నాలుగైదడుగుల కంటే ఎక్కువ నిండనీయకు, ఇందాక చెప్పిన ఇసుక పట్టు అక్కడ తానే పడిపోయి నీ శ్రమ రెట్టింపవుతుంది. అంగుళం మించిన రాళ్ళు వెయ్యకు, గంపలు గుమ్మరించకు. మధ్యలో ఇరుక్కుని పైన నిండినట్టుంటుంది, కింద డొల్ల. తాడుకి రెండు కిలోల బరువు కట్టి ఇరవై అడుగులకోసారి కొలుచుకో, పోసిన మట్టికీ పెరిగిన ఎత్తుకీ పొంతన కుదరాలి. పై పది అడుగులు బంకమట్టి, తడిపి దట్టించు. ఒక వాన పడ్డాక దిగుతుంది, మళ్ళీ ఓ నాలుగు గంపలు వెయ్యాలి.

నీ దగ్గర బోరు వేసిన నాటి బిల్లు ఉంటే దాంట్లో కేసింగు ఎన్ని అడుగులని ఉందో చూడు. నాకు అరవై అని రాశావు గానీ, మీ నాన్నగారు నలభై అన్నట్టు గుర్తు. నలభై అయితే మన్ను పట్టు మూడింట రెండు వంతులకి దిగుతుంది, ఇరవై టన్నుల జాకీలు సరిపోతాయి. అతుకులు వెల్డింగువా, మరలవా అన్నది కూడా కనుక్కుని రాయి. అవి తెలిశాక దూలాల కొలత మళ్ళీ వేసి పంపుతాను, అప్పటిదాకా లేతు షాపుకి అడ్వాన్సు ఇవ్వకు.

అమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ
రాఘవ