మా కొత్త సిబ్బందికి పని నేర్పిన వారందరికీ కృతజ్ఞతలు

శ్రీకాకుళం, ఆమదాలవలస, నరసన్నపేట చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లను చూసుకునే మా కొత్త బ్యాచ్‌కి శిక్షణ పూర్తయింది. పిల్లలు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉండి, తల్లిదండ్రులు ఊళ్లో మిగిలిపోయిన ఇళ్లకే వీళ్లలో ఎక్కువమంది వెళ్తారు. నేర్పినవాళ్లు పేర్లు వేయొద్దన్నారు. అందుకే ఎవరు ఏం నేర్పారో రాస్తున్నాం, చదివితే వాళ్లకే తెలుస్తుంది.

ముందు ఫిజియోథెరపిస్టు గారికి. మనిషిని మంచం మీంచి లేపి కుర్చీలోకి ఎలా మార్చాలో ఆస్పత్రి మంచం మీద ఎవరైనా చూపిస్తారు, ఈయన నులక మంచం తెప్పించమన్నారు. మన ఇళ్లల్లో ఉండేది అదే మరి. నులక మధ్యలో కుంగి తుంటి గుంటలోకి దిగిపోతుంది, మోకాళ్లు పైకి లేస్తాయి. అలా కూర్చుంటే ఒంట్లో సత్తువున్నవాళ్లకే లేవడం కష్టం, పక్షవాతం వచ్చిన మనిషి సంగతి చెప్పక్కర్లేదు. కాబట్టి ముందు మనిషిని పట్టె మీదికి జరపాలి, పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి. కుర్చీని బాగున్న చెయ్యి వైపు కొంచెం ఏటవాలుగా వేయాలి. వీల్‌చైర్ అయితే బ్రేకులు వేసి, పాదాలు పెట్టుకునే పలకలు మడిచాకే మనిషిని కదపాలి. పాదాలను మోకాళ్లకన్నా కాస్త వెనక్కి పెట్టించి, "తాతగారూ, ముక్కు మోకాళ్ల మీదికి రావాలి" అని ముందుకు వంచితే సగం బరువు దానంతటదే లేస్తుంది.

చంకల కింద చేతులు వేసి లాగడం మాత్రం ఆయన అందరిచేతా మాన్పించారు. పక్షవాతం వచ్చిన వైపు భుజం కీలును పట్టి ఉంచే కండరాలు వదులైపోతాయి. అక్కడ లాగితే కీలు కిందికి జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి వదలదు. అందుకు బదులు నాలుగు వేళ్ల వెడల్పు నవారును రెండు పొరలుగా కుట్టించి నడుముకు పట్టీ కట్టించారు. పట్టుకోవాల్సింది ఆ పట్టీనే. కుట్టిచ్చిన టైలరు గారు కూలి తీసుకోలేదు, ఆయనకూ దండం.

పడక పుండ్ల పాఠం చెప్పిన రిటైర్డు హెడ్ నర్సు అమ్మగారికి ఎంత చెప్పినా తక్కువే. తోక ఎముక, తుంటి, మడమ, ఈ మూడు చోట్లా రోజూ చూడాలి. ఎర్రబడ్డచోట వేలితో నొక్కి వదిలినప్పుడు తెల్లబడితే ఇంకా ప్రమాదం లేదు. తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే లోపల దెబ్బ మొదలైనట్టు. చామనచాయ, నలుపు ఒంటి మీద ఎరుపు సరిగా కనబడదు, అక్కడ వేడిగా ఉందా, గట్టిపడిందా అని చేత్తో చూసుకోవాలి. అలాంటిచోట కొబ్బరినూనె పెట్టి మర్దనా చేస్తే దెబ్బతిన్న కండ ఇంకా చితుకుతుంది. గాలి రబ్బరు చక్రం మీద కూర్చోబెట్టినా ముప్పే, అంచు ఒత్తుకుని మధ్యకు రక్తం అందదు. మంచం దిగలేని మనిషిని రెండు గంటలకోసారి తిప్పాలి. పూర్తిగా తుంటి మీదికి కాకుండా, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు ఒరిగిస్తే చాలు. పిక్కల కింద దిండు ఉండాలి, మడమ గాల్లో ఉండాలి. ఇవన్నీ చేసి, చివర్లో దుప్పటి మీద మనిషిని ఈడ్చితే తోలు ఊడుతుంది. ఇద్దరు కలిసి దుప్పటితో సహా ఎత్తి జరపాలి.

సాధనకు సిరంజిలు ఇచ్చిన మందుల షాపు వారికి ధన్యవాదాలు. ఎర్ర మూత సిరంజి 40 ఐయూ (మిల్లీలీటరుకు 40 యూనిట్లు) ఇన్సులిన్‌కి, నారింజ మూతది 100 ఐయూకి. 100 ఐయూ మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 50 యూనిట్లు. తారుమారైతే 20కి బదులు 8 మాత్రమే పోతుంది, షుగరు ఎందుకు దిగడం లేదో ఎవరికీ అర్థం కాదు. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె పైకి చదివాకే సూది గుచ్చడం ఇప్పుడు అందరికీ అలవాటైంది. షుగరు 70 కన్నా తగ్గి మనిషి తెలివిలో ఉంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకు ఒరిగించి 108కి ఫోన్ చేయాలి.

పలాస నుంచి వచ్చిన డయాలసిస్ టెక్నీషియన్ బాబుకు ప్రత్యేకంగా. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మన ఉద్దానంలో ఇంటికొచ్చిన బంధువు మర్యాదకు రోగికి కొబ్బరి బొండం కొట్టి ఇస్తాడు. అందులోని పొటాషియంను పాడైన కిడ్నీలు బయటికి పంపలేవు, అది పెరిగితే గుండె ఆగిపోవచ్చు. ఆ మాట బంధువులకు నొప్పి లేకుండా ఎలా చెప్పాలో కూడా ఆయనే నేర్పారు. డాక్టరు చెప్పినన్ని నీళ్లు పొద్దున్నే ఒక సీసాలో పోసి పెట్టాలి. టీ తాగినా, మజ్జిగ తాగినా, చోడి అంబలి తాగినా తాగినంత కొలతకు నీళ్లు సీసాలోంచి తీసి పారబోయాలి. సీసా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి చేసిన చోటు) ఉన్న చేతికి బీపీ పట్టీ వేయకూడదు, సూది గుచ్చకూడదు, బరువు మోయించకూడదు. రోజూ వేలు ఆనించి చూస్తే జుమ్మని కదలిక తెలియాలి. తెలియకపోతే తెల్లారేదాకా ఆగకుండా డయాలసిస్ సెంటరుకు ఫోన్ చేయాలి.

రోగుల్లా పడుకుని, మా పిల్లలచేత అన్నీ చేయించుకున్న పెద్దలకు పాదాభివందనం. "ఓలమ్మీ, సెప్పి ముట్టుకో" అని గద్దించిన మామ్మగారి మాటే మా పని పుస్తకంలో మొదటి నియమంగా రాసుకున్నాం.

వచ్చే బ్యాచ్‌కి వీల్‌చైర్ ఒకటి, పాత నులక మంచాలు రెండు కావాలి. ఎవరింట్లోనైనా వాడకుండా ఉంటే కబురు పెట్టండి, ఆటో కిరాయి మేమే పెట్టుకుంటాం. వీల్‌చైర్‌కి బ్రేకులు మాత్రం పనిచేయాలి.