ఫ్లాట్‌కు సరే, సెల్లార్‌కు బీమా ఉందా?

సంపాదకులకు,

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. అది చూశాకైనా బెజవాడ అపార్ట్‌మెంట్లలో బీమా ఊసు రావాలి. తీసుకునేవాళ్లూ మొదట పొరపాటు పడేది ఎంతకు బీమా చేయించాలన్న దగ్గరే. అరవై లక్షలకు కొన్నాం కనుక అరవై లక్షలకే రాయమంటారు. ఆ ధరలో స్థలం వాటా కూడా ఉంది. స్థలం కాలదు, కూలదు, దానికి ప్రీమియం దండగ.

ఇళ్లకిచ్చే బీమా అయిన భారత్ గృహ రక్ష పాలసీలో కార్పెట్ ఏరియాను (గోడల లోపలి వాడుక స్థలాన్ని) ఇవాళ్టి నిర్మాణ ఖర్చుతో హెచ్చిస్తారు. వెయ్యి చదరపు అడుగులు, అడుగుకు 2,200 రూపాయలు అనుకుంటే 22 లక్షలు. అందులో 20 శాతం, అంటే 4.40 లక్షలు, ఇంటి సామాన్లకు దానంతటదే వర్తిస్తుంది. దీనికి గరిష్ఠ పరిమితి 10 లక్షలు. అంతకు మించి సామాను ఉంటే వివరాలిచ్చి పెంచుకోవాలి. నగలకు విడిగా రాయించాలి, నగదుకు అసలు వర్తించదు. బ్యాంకు లోనుతో వచ్చిన పాలసీ అయితే ‘బిల్డింగ్ మాత్రమే’ అని ఉందేమో చూడండి, ఉంటే సామాన్లకు రాదు. అద్దెకుండేవాళ్లు సామాన్లకు మాత్రమే తీసుకోవచ్చు. ఓనరు పాలసీ వాళ్ల ఫ్రిజ్‌కు పనికిరాదు.

మూడో అంతస్తులో ఉన్నాం, మాకేం వరద అనుకోవడం ఇంకో పొరపాటు. నీళ్లు ముందు దిగేది సెల్లార్‌లోకి. అక్కడి జనరేటరు, సంపు మోటార్లు, ప్యానెల్ బోర్డు, లిఫ్టు గుంత అందరివీ. పాడైతే బాగుచేసే ఖర్చు పై అంతస్తుకూ పడుతుంది. వీటికి అసోసియేషన్ పేరున వేరే పాలసీ ఉండాలి. ప్రీమియం తగ్గుతుందని వరద కవరేజీ తీసేయించారేమో కార్యదర్శిని అడగండి. ఒక్కో యంత్రానికీ కొత్తది కొనే ధర రాశారా? 20 లక్షల సామాను 10 లక్షలకే రాయిస్తే, 4 లక్షల నష్టానికి చేతికొచ్చేది 2 లక్షలే. ఫ్లాట్ పాలసీలో ఈ కోత లేదు, అసోసియేషన్ తీసుకునే చాలా పాలసీల్లో ఉంది.

సెల్లార్‌లోని కార్లు, బైకులు ఏ ఇంటి పాలసీలోకీ రావు. బండికి థర్డ్ పార్టీ బీమా (ఎదుటివారికి జరిగే నష్టానికిచ్చేది) ఒక్కటే ఉంటే పైసా రాదు. మునిగిన బండిని స్టార్ట్ చేయొద్దు. నీళ్లు లాక్కుని ఇంజిన్ పట్టేస్తే, బండి పాలసీకి అదనంగా తీసుకునే ‘ఇంజిన్ ప్రొటెక్ట్’ లేనివాళ్లకు ఆ ఖర్చు నెత్తిన పడ్డట్టే.

ఓవర్‌హెడ్ ట్యాంకు పగిలో పొంగిపొర్లో ఇల్లు పాడైతే గృహ రక్ష ఇస్తుంది, ఏళ్ల తరబడి గోడ చెమ్మ పట్టిందంటే ఇవ్వదు. మామూలు దొంగతనానికీ ఇవ్వదు. వరదకు ఇల్లొదిలి వెళ్లినప్పుడు పోయిన వస్తువులకు మాత్రం, ఆ ఘటన జరిగిన 7 రోజుల్లోపు అయితే, ఇస్తుంది.

నీళ్లు తీశాక వెంటనే కడిగేయకండి. గోడ మీద నీటి చార కనబడేలా ఫొటోలు తీసి, కంపెనీకి ఫోన్ చేసి, నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చేదాకా పాడైన సామాను ఉంచండి. బురదలో ఉంచలేకపోతే ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ల వెనక ఉండే సీరియల్ నంబరు స్టిక్కర్‌ను ఫొటో తీశాకే బయట పారేయండి.

— బీమా రంగంలో పనిచేసిన ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ