క్రేన్ ఎందుకు సరిపోదంటే

కాకినాడ

ఒరేయ్ సూరీ,

ఎలా ఉన్నావు? మీ అమ్మగారి మోకాలి నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్లో "మునిగిన బోటు తియ్యడానికి అన్ని రోజులెందుకురా, పెద్ద క్రేన్ పెట్టి లాగేస్తే పోదా" అన్నావు. అప్పటికే లైన్ కట్ అయిపోయింది గానీ ఆ మాట నా బుర్రలోంచి పోలేదు. అందుకే రాస్తున్నా.

కచ్చులూరు గుర్తుందిగా. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. పాపికొండలకి 77 మందితో బయల్దేరిన బోటు బోల్తాపడింది. బతికి ఒడ్డుకి చేరింది 26 మందే. గోదావరి అక్కడ కొండల మధ్య ఇరుకై, లోతై, సుళ్లు తిరుగుతూ పోతుంది. పైగా వరద. ఆ బురద నీళ్లలో నీ చెయ్యే నీకు కనపడదు. క్రేన్ తెచ్చినా దాని కొక్కెం దేనికి తగిలిస్తావు?

మునిగిన బోట్లు తీసే మన ధర్మాడి సత్యం బృందం వెళ్లి, ఇనుప తాళ్లకి లంగర్లు కట్టి అడుగుకి వదిలింది. బోటు ఉందనుకున్న చోటు చుట్టూ ఉచ్చులా తిప్పి, కొసలు ఒడ్డుకి తెచ్చి పొక్లెయిన్‌తో లాగించింది. మీ పెరట్లో నూతిలో చేద పడిపోతే మీ తాతగారు పాతాళగరిగె వేసి తిప్పేవారు చూడు, అచ్చం అలాగే. ఒకసారి తాడు తెగింది. వరద పెరిగి పని ఆపేశారు. మళ్లీ మొదలుపెడితే పైకప్పు ఊడొచ్చింది గానీ బోటు రాలేదు. చివరికి విశాఖ డైవర్లు కిందకి దిగి తాడు బిగించాక, అక్టోబరు 22న, అంటే 38వ రోజున బయటకి లాగారు. లోపల ఇంకా మృతదేహాలున్నాయిరా. తమవాళ్ల కోసం నెల దాటి ఎదురుచూస్తున్న ఇళ్లకి ఆ రోజు ఎలాంటిదో నేను చెప్పలేను. ఆ పని ఒప్పందం 22.70 లక్షలు. మా వీధిలో కొందరు ఎక్కువన్నారు. నాకైతే అస్సలు ఎక్కువనిపించలేదు.

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ గేట్లకి గుద్దుకున్న బోట్లదీ అంతే. క్రేన్లతో కదల్లేదు. నీళ్లలో దిగి కోసి, ఆఖరికి వేరే రెండు బోట్లని గడ్డర్లతో కలిపి వాటితో లాగాల్సొచ్చింది.

కిందటి వారం జెట్టీకి వెళ్లాను. ఒకాయన గోనెపట్టా ముక్క అరచేతికి చుట్టుకుని ఇనుప తాడు పొడవునా మెల్లగా తడుముతున్నాడు. ఎక్కడైనా ఒక్క తీగ లేచి పట్టాకి పట్టిందంటే ఆగి సుద్దతో గీత పెడుతున్నాడు. ఎందుకండీ అంటే, "లాగేటప్పుడు ఇక్కడే తెగుద్దండి. తెగిన తాడు మనిషి కాళ్లు తీసుకుపోద్ది" అన్నాడు. అరగంటలో మూడు గీతలు పెట్టాడు. మూడో గీత దగ్గర తాడు కోసి పక్కన పడేశాడు.

దసరాకి వస్తావుగా, మీవాణ్ణి కూడా తీసుకురా. పొద్దున్నే జెట్టీకి వెళ్దాం, ఆయన ఆ వేళకే పనిలో ఉంటాడు. అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

నీ
వెంకట్రావు